కార్డు రాసేది ఎవరు? రిషివ్యాలీ నుంచి పోతనాళ దాకా పిల్లల సృజన

పిల్లల కళల కోసం బతుకంతా వెచ్చించిన తెలుగువాళ్ళ పేర్లు చెప్పమంటే ముందుగా న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులే గుర్తొస్తారు. రేడియో అన్నయ్యగా, అక్కయ్యగా ఇంటింటికీ తెలిసిన ఆ ఇద్దరూ 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు, 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. ముళ్ళపూడి వెంకటరమణ తొలి కథ అచ్చయింది అందులోనే. వాళ్ళ కృషి మీద రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను రాయబోయేది మరో దంపతుల గురించి. వాళ్ళ పని పొరుగు రాష్ట్రపు ప్రభుత్వ బడుల్లోకి వెళ్ళింది, పేరు మాత్రం వెంట వెళ్ళలేదు.

వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ 1980ల చివర్లో మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో గ్రామీణ విద్య పని చేపట్టారు. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల మీద నిలిచిన పెద్ద బడి అక్కడ ముందే ఉంది. చుట్టుపక్కల పల్లెల పరిస్థితి వేరు: ఒకే గది, ఒకే టీచరు, అన్ని తరగతుల పిల్లలూ కలిసే. వీళ్ళు పాఠ్యపుస్తకాన్ని విడదీసి కార్డులు చేశారు. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ గుర్తు, గోడ మీద ఆ గుర్తులన్నీ వరుసగా ఉన్న ‘నిచ్చెన’. ఇంకా చదవడం రాని పిల్ల కూడా గుర్తు చూసి తన కార్డు తానే తెచ్చుకుంటుంది. నిన్న ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మొదలుపెడుతుంది. ఆ కార్డుల్లోకి ఊరి పాటలు, పొడుపుకథలు, బొమ్మలాటలు వచ్చాయి. తల్లుల్ని బడికి పిలిచి కథలు చెప్పించారు.

ఈ ప్రయోగంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది కళకు దక్కిన చోటు. మన బడుల్లో బొమ్మలు వెయ్యడం శనివారం చివరి పీరియడు పని, నాటకం వార్షికోత్సవం పని. ఇక్కడ పాట పాడందే, బొమ్మ గియ్యందే తర్వాతి మెట్టు రాదు. హెర్బర్ట్ రీడ్ 1943లో కళను విద్యకు పునాది చెయ్యాలని ఇంగ్లండులో వాదించాడు. ఆ వాదన పల్లెటూరి ఏకోపాధ్యాయ పాఠశాలలో నిలవాలంటే ఏయే సామగ్రి కావాలో పద్మనాభరావు, రమ చేసి చూపించారు.

1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకా కన్నడ టీచర్లు యూనిసెఫ్ సాయంతో ఈ పద్ధతిని తమకు తగ్గట్టు మలచుకున్నారు. దాని పేరు నలి-కలి, అంటే ఆడుతూ పాడుతూ నేర్చుకోవడం. 2009 నుంచి అది కర్ణాటక అంతటా కన్నడ మాధ్యమ ప్రభుత్వ బడుల చిన్న తరగతులకు విస్తరించింది. తమిళనాడు కూడా ఇదే మూలం నుంచి తనదైన పద్ధతి రూపొందించుకుంది.

నలి-కలి తరగతిలో బెంచీలుండవు. పిల్లలు ‘తట్టె’ల (అంటే పళ్ళేల) చుట్టూ గుంపులుగా కింద కూర్చుంటారు. టీచరు పూర్తిగా సాయం చేసే గుంపు ఒకటి, తోటిపిల్లలు నేర్పే గుంపు ఒకటి, ఎవరికి వాళ్ళే నేర్చుకునేది ఇంకొకటి, అలా మొత్తం అయిదు. తలల పైన గోడ నుంచి గోడకు దారాలు కట్టి ఉంటాయి. దాన్ని ‘చప్పర’ అంటారు, మన పందిరే. పిల్లలు గీసినవీ, కత్తిరించినవీ దానికి వేలాడతాయి. గోడల కింది భాగంలో పిల్లల చేతికందే ఎత్తున నల్లబల్ల.

ఈ పద్ధతి రాయచూరు జిల్లా పోతనాళ దగ్గరికొచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. మాన్వి, సింధనూరుల మధ్య ఉన్న ఈ ఊరు 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోది. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళొచ్చాక కోస్తా రైతులు ఈ తాలూకాలకు వచ్చి మెట్ట భూములు కొని, వరి వేసి, ‘క్యాంపు’లు కట్టుకున్నారు. సింధనూరు వైపు బెంగాలీ శరణార్థుల క్యాంపులూ ఉన్నాయి. ఇంట్లో తెలుగో, లంబాడీయో, ఉర్దూయో మాట్లాడే పిల్లలు బళ్ళో కన్నడ కార్డు పట్టుకుంటారు. ఆ కన్నడ కూడా రాయచూరు ఇళ్ళల్లో వినిపించే కన్నడ కాదు. కార్డు రాష్ట్రం మొత్తానికీ ఒకేచోట తయారై వస్తుంది.

రిషివ్యాలీలో కార్డు రాసింది ఆ పల్లెల మధ్య పనిచేసినవాళ్ళు. హెగ్గడదేవనకోటెలోనూ టీచర్లే రాశారు. విస్తరణలో పద్ధతి చేరింది గానీ రాసే హక్కు చేరలేదు. ఇది చిన్న లోపం కాదు. ‘పాట పాడించు’ అని కార్డు మీద ఉంటే, అచ్చయిన పాటే పాడించి గుర్తు పెట్టేస్తే, అక్కడ కళ హాజరుపట్టీ పనైపోతుంది. నాట్లేసేటప్పుడు కూలీలు పాడే పాట, క్యాంపులో నాయనమ్మ చెప్పే పేదరాశి పెద్దమ్మ కథ, కన్నడ, తెలుగు ఊళ్ళు రెండింటికీ తెలిసిన తోలుబొమ్మలాట ఆ దారాల పందిరి కిందికి రావాలంటే టీచరుకు అనుమతీ కావాలి, తీరికా కావాలి.

ఇందుకు పద్ధతిని తిరగరాయనక్కర్లేదు. నిచ్చెనలో ప్రతి మైలురాయి దగ్గరా రెండు ఖాళీ కార్డులు పెట్టి, వాటిని ఆ బడి టీచరూ పిల్లలూ తల్లులూ కలిసి నింపుకోవచ్చు. క్యాంపు బడిలో ఆ కార్డు మీది కథ మొదట తెలుగులో చెప్పించి, తర్వాత పిల్లల చేతే కన్నడలో ఆడించొచ్చు. తాలూకా స్థాయి సమావేశాల్లో బడులు ఆ కార్డులు మార్చుకోవచ్చు. బడి ఉన్నచోటే కార్డు రాసుకోవడం: పద్మనాభరావు, రమ మొదట చేసిన పని ఇదే.