ప్రావారం: ఎవరి దుప్పటి?

బడిలో భూగోళం చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: భూపటలం, భూప్రావారం, భూకేంద్ర మండలం. మొదటిదీ చివరిదీ కాస్త అర్థమయ్యేవి. నడిమిదాన్ని బట్టీ పట్టేవాళ్లం. దాన్ని 'పరివారం' అని రాసి మార్కు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

ప్రావారం అంటే పైన కప్పుకునే వస్త్రం. అమరకోశం దాన్ని ఉత్తరీయం సరసనే కూర్చోబెట్టింది. మృచ్ఛకటికంలో చారుదత్తుడికి స్నేహితుడు పంపినది జాజిపూల వాసన పట్టించిన ప్రావారకమే. చలికి వణికే కొడుక్కి కప్పమని, చీకట్లో దాసి అనుకుని వసంతసేనకే ఇచ్చేస్తాడు పాపం.

మరి పైన కప్పుకునే బట్టకు నేల అడుగున ఏం పని? 1897లో జర్మన్ శాస్త్రవేత్త ఎమిల్ వీకర్ట్, భూమి నడుమ ఇనుప గుండు, దాని చుట్టూ రాతి 'మాంటెల్' ఉన్నాయన్నాడు. జర్మన్‌లో ఆ మాటకు పైకోటు అని అర్థం. ఇంగ్లిషు మాంటిల్ కూడా పైవస్త్రమే. మనవాళ్లు తు.చ. తప్పకుండా ప్రావారం చేశారు. ఆ దుప్పటి మనది కాదు, కేంద్రానిది. కింద నిలబడి చూస్తేనే పేరు అతుకుతుంది.

హిమాలయాల దగ్గర అలా చూడక తప్పదు. కొండను భూధరం అంటాం, భూమిని మోసేదని. నిజానికి మోత అటునుంచి. తాడుకు వేలాడదీసిన గుండును హిమాలయాలు లెక్క ప్రకారం లాగాల్సినంత లాగలేదని సర్వేలో తేలాక, 1855లో జార్జ్ ఎయిరీ కారణం చెప్పాడు: కొండ కింద తేలికరాయి వేరులా దిగి, బరువైన పదార్థంలో తేలుతోందని.

ఆ వేరును తవ్వి చూడలేం. వేల కిలోమీటర్ల అవతల భూకంపం వస్తే దాని తరంగాలు లోపల్నుంచి వంపు తిరిగి టిబెట్ కిందికి వస్తాయి. వాటికి ముందు తగిలేది ప్రావారం, తర్వాతే పటలం. ఆ గడప దగ్గర, సెకనుకు 8 కి.మీ. వేగంతో వచ్చిన పి తరంగం నెమ్మదిస్తుంది. అందులో కొంత ఎస్ తరంగంగా మారి వెనకబడుతుంది. ఆ వెనకబాటును బట్టి గడప లోతు కడతారు. మామూలు ఖండాల కింద అది 35–40 కి.మీ.; టిబెట్ కింద సుమారు 70.

ఆ తరంగం వచ్చేది కూడా వీకర్ట్ చూసిన వైపు నుంచే.

పంతుళ్లకో విన్నపం: ఈ మాట చెప్పేటప్పుడు భుజం మీది కండువా ఒక్కసారి విప్పి, చేతిలోని బంతికి చుట్టి చూపించండి.