జిల్లా ఆరోగ్య ప్రణాళిక: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి

వచ్చే ఏడాది జిల్లాలోని సర్కారు దవాఖానాలు ఏయే పనులు చేయాలి, అందుకు మనుషులు, మందులు, డబ్బు ఎంత కావాలి అని ముందే లెక్కగట్టి రాసుకునేదే జిల్లా ఆరోగ్య ప్రణాళిక. తెలంగాణలో ఈ పని జిల్లా వైద్యారోగ్య శాఖాధికారిది, అంటే అందరూ పిలిచే డీఎంహెచ్‌ఓది. కలెక్టర్ నాయకత్వంలోని జిల్లా హెల్త్ సొసైటీ దాన్ని ఆమోదించి పైకి పంపుతుంది.

2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా ముక్కలైనప్పుడు, అంతవరకూ ఒకే డీఎంహెచ్‌ఓ ఆఫీసులో తయారయ్యే లెక్కలు కూడా ముక్కలయ్యాయి. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ఆ రోజు పుట్టిన జిల్లాలే. గార్ల, బయ్యారం ఖమ్మం నుంచి మహబూబాబాద్‌లోకి వచ్చాయి. మహదేవపూర్, కాటారం, మహముత్తారం కరీంనగర్ నుంచి భూపాలపల్లిలో కలిశాయి. మూడేళ్లు నిండకముందే, 2019 ఫిబ్రవరి 17న, ములుగు విడిపోవడంతో భూపాలపల్లి వాళ్లు జనాభా, సబ్‌సెంటర్ల జాబితాలు మళ్లీ మొదటినుంచి రాసుకోవాల్సి వచ్చింది. మధ్యలో 2018 మేడారం జాతర ఆ జిల్లా చేతిలోనే జరిగింది. ఇప్పుడు మేడారం ములుగులో ఉంది. కాళేశ్వరం మాత్రం భూపాలపల్లికే మిగిలింది. 2025 మే 15 నుంచి 26 దాకా అక్కడ జరిగిన సరస్వతీ పుష్కరాల లాంటి రద్దీ ఏ ఊరి జనాభా లెక్కలోనూ కనిపించదు.

కింది నుంచి ప్రణాళిక రావాలన్న మాట పాతదే. 1996 ఏప్రిల్‌లో కేంద్రం కుటుంబ నియంత్రణ టార్గెట్లు ఎత్తేసింది. ఆ మరుసటి ఏడాది నుంచి ఏఎన్‌ఎం తన సబ్‌సెంటర్ అవసరాలు తానే అంచనా వేసుకునే పద్ధతి పెట్టింది. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ దాన్ని గ్రామ ఆరోగ్య కమిటీ నుంచి జిల్లా దాకా అంచెలుగా నిలబెట్టాలని చూసింది. జిల్లాల కోరికలన్నీ రాష్ట్రంలో పీఐపీ అనే ఒకే పత్రమవుతాయి. ఢిల్లీ ఒప్పుకున్న మేరకు ఆర్‌ఓపీ అనే ఆమోద పత్రంగా తిరిగొస్తాయి. 2022 నుంచి పీఐపీ రెండేళ్లకోసారి వేస్తున్నారు. కాగితం మీద దారి కింది నుంచి పైకే; నడకలో మాత్రం పైనుంచి వచ్చిన బడ్జెట్ పద్దులకు సరిపడేలా కింద అంకెలు సర్దడమే ఎక్కువ.

లెక్క మాత్రం కష్టమైనదేమీ కాదు. సబ్‌సెంటర్ పరిధిలో 5,000 మంది ఉన్నారు, వెయ్యికి 17 జననాలు అనుకుంటే ఏడాదికి 85 కాన్పులు. గర్భస్రావాల వంటివాటికి పది శాతం కలిపితే సుమారు 94 మంది గర్భిణులు. ఏ రోజు చూసినా అందులో సగం, అంటే 47 మంది పేర్లు రిజిస్టర్‌లో ఉండాలి. 30 మందే ఉంటే మిగతావాళ్లు పుట్టింటికి పోయారా, ప్రైవేటులో చూపించుకుంటున్నారా, అసలు ఎవరూ వాళ్ల గడప తొక్కలేదా అన్నది ఆశ కార్యకర్తను కూర్చోబెట్టుకుని ఇంటింటి జాబితా చదివితేనే తెలుస్తుంది. ప్రణాళిక నిజంగా మొదలయ్యేది అక్కడే. బుధ, శనివారాల టీకాల డ్యూ లిస్టుదీ ఇదే దారి.

ఒకే కొలబద్ద మూడు జిల్లాలకు సరిపోదు. మైదానంలో 5,000 మందికి, గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక సబ్‌సెంటర్. పీహెచ్‌సీకైతే 30,000, 20,000. హైదరాబాద్–వరంగల్ రహదారి మీదున్న జనగామలో రోగి బస్సెక్కి ఏ వైపైనా పోగలడు. కాబట్టి అక్కడి అధికారికి దవాఖానా దూరం కన్నా జనం దాన్ని దాటిపోవడమే పెద్ద చిక్కు. మహబూబాబాద్‌లో మూడో వంతుకు పైగా గిరిజనులే. 2018లో తండాలు గ్రామ పంచాయతీలైనా సబ్‌సెంటర్ల హద్దులు వాటంతట అవి మారవు. కొత్తగూడ, గంగారం వైపు గూడేలు జనాభాలో చిన్నవి, దూరంలో పెద్దవి. పలిమెల, మహముత్తారం అడవి ఊళ్లకు వానాకాలంలో వాగే అడ్డం. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగితే జనాన్ని హెలికాప్టర్లతో తీయాల్సి వచ్చింది. నెలలు నిండిన గర్భిణులను వానలకు ముందే దవాఖానా దగ్గరికి చేర్చే పని జూన్‌కు ముందే ప్రణాళికలో ఉండాలి.

ఈ లెక్కలు వేసేవాళ్లకు శిక్షణ ఎక్కడ? రాష్ట్రంలో హైదరాబాద్ వెంగళరావునగర్‌లోని భారత ఆరోగ్య, కుటుంబ సంక్షేమ సంస్థ, దేశస్థాయిలో ఢిల్లీలోని జాతీయ సంస్థ ఉన్నాయి. ఢిల్లీ సంస్థ జిల్లా స్థాయి వైద్యాధికారులకు పది వారాల నిర్వహణ కోర్సు నడిపింది. ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్, బీహార్, ఒడిశాల్లో పబ్లిక్ హెల్త్ రిసోర్స్ నెట్‌వర్క్ జిల్లా ప్రణాళికకర్తలకు విడతలవారీ తరగతులు పెట్టింది. డాక్టర్‌కు సామాజిక వైద్యంలో మూడు నెలల శిక్షణ ఉండాలని భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. అయినా మన దగ్గర వైద్యాధికారి సీనియారిటీతో ప్రోగ్రాం ఆఫీసర్ అవుతాడు, ప్రణాళిక పని ఆ కుర్చీలో కూర్చున్నాకే నేర్చుకుంటాడు. చాలా శిక్షణల్లో పోర్టల్‌లో అంకెలు ఎక్కించడం నేర్పుతారు. ఆ అంకెను ఊళ్లో ఎలా సరిచూడాలో చెప్పేది తక్కువ.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఎంబీబీఎస్ విద్యార్థులు పల్లెల్లో కుటుంబాలను దత్తత తీసుకుని చదువు పొడవునా వాళ్ల ఆరోగ్యం గమనించాలన్నది ఇప్పుడు పాఠ్యప్రణాళికలోనే ఉంది. కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలు ఈ సమాచారాన్ని డీఎంహెచ్‌ఓ ఆఫీసుతో పంచుకుంటే సబ్‌సెంటర్ రిజిస్టర్‌ను సరిచూసేందుకు రెండో ఆధారం జిల్లాలోనే దొరుకుతుంది.