స్టైరీన్ బాష్పపీడనం: కొలత, దాని షరతులు

మూతపెట్టిన పాత్రలో ఒక ద్రవమూ దాని ఆవిరీ తప్ప మరేమీ లేనప్పుడు, ద్రవాన్ని విడిచిపోయే అణువుల సంఖ్య, తిరిగి అందులో కలిసే అణువుల సంఖ్య కొంతసేపటికి సమానమవుతాయి. ఆ సమతాస్థితిలో ఆవిరి పాత్ర గోడల మీద చూపే పీడనమే బాష్పపీడనం. పదార్థం శుద్ధమైనదైతే ఇది ఉష్ణోగ్రత మీద తప్ప మరి దేనిమీదా ఆధారపడదు. ద్రవం చెంచాడున్నా ట్యాంకు నిండా ఉన్నా ఒకటే. బహుశా ఈ సౌలభ్యం వల్లనే రసాయనాల భద్రతా పత్రాల్లో బాష్పపీడనాన్ని ఒకే ఒక్క అంకెగా రాసే అలవాటు స్థిరపడింది. పాలిస్టైరీన్, ఏబీఎస్ ప్లాస్టిక్, సింథటిక్ రబ్బరు, ఫైబర్‌గ్లాస్ రెజిన్లకు ముడిసరుకైన స్టైరీన్‌కు ఆ అంకె 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 5 మిల్లీమీటర్ల పాదరసం, అంటే దాదాపు 0.65 కిలోపాస్కల్. అంకె సరైనదే. కానీ ఏ ఉష్ణోగ్రత దగ్గర, ఏ పద్ధతిలో, ఎంత శుద్ధమైన నమూనా మీద కొలిచారన్న వివరాలు తీసేసి దాన్నొక్కదాన్నే చదివితే అది చెప్పేది చాలా తక్కువ. కొన్నిసార్లు ఉన్న ప్రమాదాన్ని లేనట్టు చూపుతుంది. స్టైరీన్ విషయంలో ఈ మాట ఎంత నిజమో దాన్ని కొలిచే పద్ధతులే రుజువు చేస్తాయి.

ముందుగా ఉష్ణోగ్రత సంగతి. ప్రామాణిక పట్టికల ప్రకారం స్టైరీన్ బాష్పపీడనం 31 డిగ్రీల దగ్గర 10 మిల్లీమీటర్లు, 82 దగ్గర 100, 101 దగ్గర 200, 145 దగ్గర 760. చివరిది వాతావరణ పీడనం కనుక 145 డిగ్రీలు దాని మరిగే స్థానం. పట్టికలు మామూలుగా తీసుకునే 20 డిగ్రీల నుంచి విశాఖపట్నంలో వేసవి నీడ ఉష్ణోగ్రతకు వచ్చేసరికే పీడనం రెట్టింపవుతుందన్నమాట. పీడనం లాగరిథమ్‌ను పరమ ఉష్ణోగ్రత విలోమంతో కలిపి గ్రాఫు గీస్తే దాదాపు సరళరేఖ వస్తుందని క్లాసియస్–క్లాపెరాన్ సమీకరణం చెబుతుంది. ఆ రేఖ వాలు నుంచి బాష్పీభవనోష్ణం తెలుస్తుంది. గది ఉష్ణోగ్రత పరిసరాల్లో స్టైరీన్‌కు అది మోలుకు 43 కిలోజౌళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఈ విలువను పట్టుకుని లెక్కవేస్తే, ఒక్క డిగ్రీ పెరిగినప్పుడు పీడనం సుమారు 6 శాతం పెరుగుతుంది. థర్మామీటరు అర డిగ్రీ తప్పు చూపిందంటే, పీడనమాపకం ఎంత ఖరీదైనదైనా ఫలితంలో 3 శాతం తప్పు ముందే చేరిపోయినట్టు. రేఖ పూర్తిగా సరళం కాకపోవడంతో 1888లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంటోయిన్ మూడు స్థిరాంకాల సమీకరణం ప్రతిపాదించాడు. నేటికీ ఇంజనీర్లు వాడేది అదే. అయితే ఆ స్థిరాంకాలు కొలిచిన ఉష్ణోగ్రతల పరిధికే చెల్లుతాయి. పరిధి పక్కన రాయకుండా స్థిరాంకాలు మాత్రమే ఎత్తిరాసుకునే పద్ధతి ప్రమాదకరం.

పారిశ్రామిక రసాయనాల బాష్పపీడనం కొలిచేందుకు ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 104వ సంఖ్య గల మార్గదర్శకం ఎనిమిది పద్ధతులను అంగీకరిస్తుంది. పాస్కల్‌లో వెయ్యికోట్లో వంతు నుంచి వాతావరణ పీడనం దాకా విస్తరించిన ఆ పరిధిని ఏ ఒక్క పరికరమూ అందుకోలేదు. స్టైరీన్ వంటి మధ్యస్థ ద్రవానికి మొదట తోచేది స్థిర పద్ధతి. నమూనాను గాలి లేని గదిలో ఉంచి, స్థిర ఉష్ణోగ్రత గల నీటి లేదా నూనె తొట్టిలో ముంచి, పీడనాన్ని నేరుగా చదవడం. 1910లో స్మిత్, మెంజీస్ రూపొందించిన ఐసోటెనిస్కోప్ దీనికే మెరుగైన రూపం: చిన్న గాజు బుడగకు యు ఆకారపు గొట్టం తగిలించి, రెండువైపులా ద్రవమట్టం సమానమయ్యేదాకా బయటినుంచి నైట్రోజన్ పీడనాన్ని సర్దుతారు, అప్పుడు బయటి పీడనమే లోపలి బాష్పపీడనం. సూత్రం సులువైనదే. కష్టమంతా నమూనాను సిద్ధం చేయడంలో ఉంది. ద్రవంలో కరిగిన గాలి శూన్యంలో బయటికొచ్చి తన పీడనాన్ని స్టైరీన్ పీడనంగా చూపిస్తుంది. అసలు విలువే 5 మిల్లీమీటర్లయినప్పుడు ఒక్క మిల్లీమీటరు గాలి మిగిలినా ఫలితం 20 శాతం తప్పు. అందుకే నమూనాను గడ్డకట్టించి, గాలి లాగేసి, కరిగించి, మళ్లీ గడ్డకట్టించే పనిని పలుమార్లు చేస్తారు.

ఇక్కడే స్టైరీన్ తన ప్రత్యేకత చూపుతుంది. అమ్మకానికి వచ్చే స్టైరీన్ తనంతట తాను పాలిమర్‌గా మారిపోకుండా టెర్షియరీ బ్యూటైల్ కాటెకాల్ అనే నిరోధకాన్ని, మామూలుగా 10 నుంచి 15 పీపీఎం (పది లక్షల్లో వంతులు) దాకా, కలుపుతారు. పరిశ్రమలో దీన్ని టీబీసీ అంటారు. టీబీసీ పనిచేయాలంటే ద్రవంలో కరిగిన ఆక్సిజన్ ఉండాలి. కొలత కోసం గాలిని పూర్తిగా తీసేస్తే ఆక్సిజన్ కూడా పోతుంది, నిరోధకం ఉండీ లేనట్టవుతుంది. ఆక్సిజన్‌ను ఉండనిస్తే దాని పీడనం కొలతలో కలుస్తుంది. పైగా స్టైరీన్ నెమ్మదిగా ఆక్సీకరణం చెంది బెంజాల్డిహైడ్, ఫార్మాల్డిహైడ్‌గా మారుతుంది. నమూనాను కాపాడేదీ కొలతను చెడగొట్టేదీ ఒకటే కావడం వల్ల స్థిర పద్ధతిని తక్కువ ఉష్ణోగ్రతల్లో, తాజాగా శుద్ధి చేసిన నమూనాతో, తక్కువ సమయంలో ముగించాలి.

గాలి కంటే మోసకారి నీరు. స్టైరీన్‌లో నీరు వెయ్యింట ఒక వంతు కూడా కరగదు కనుక ఆ కాస్త తేమ ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. నిజానికి ఒక ద్రవంలో నీరు ఎంత తక్కువగా కరిగితే, కరిగిన ప్రతి అణువూ అంత బలంగా ఆవిరివైపు మొగ్గుతుంది. నీటితో పూర్తిగా సంతృప్తమైన స్టైరీన్ పైన నీటి ఆవిరి పీడనం దాదాపు మామూలు నీటి పైన ఉన్నంతే ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర అది 24 మిల్లీమీటర్లు. అదే ఉష్ణోగ్రతలో స్టైరీన్ సొంత పీడనం 6.5 దాటదు. విశ్లేషణ పత్రంలో శుద్ధత 99.9 శాతం అని ఉన్న నమూనా కూడా తేమ తీయకపోతే అసలు విలువకు ఎన్నో రెట్లు చూపగలదు. దీనితో పోలిస్తే, స్టైరీన్‌తో పాటు ఎప్పుడూ కొంత మిగిలే ఇథైల్‌బెంజీన్ చేసే హాని స్వల్పం. అది 136 డిగ్రీల దగ్గరే మరిగే ద్రవమైనా, ఒక శాతం ఉంటే కొలతను అర శాతం కూడా మార్చదు. శుద్ధత శాతం ఎంత అన్నదాని కంటే మిగిలిన మలినం ఏది అన్నదే ముఖ్యం.

కొలత జరుగుతుండగానే నమూనా పాలిమర్‌గా మారిపోతుంటే ఆ ఫలితానికి విలువేమిటన్నది స్టైరీన్ మీద తరచుగా వచ్చే అభ్యంతరం. నిరోధకం లేని స్టైరీన్ 100 డిగ్రీల దగ్గర గంటకు సుమారు 2 శాతం చొప్పున మారుతుంది కాబట్టి ప్రశ్న సబబైనదే. కానీ జవాబు చాలామంది ఊహించే దిశలో ఉండదు. ద్రవంలో కరిగిన మరో పదార్థం బాష్పపీడనాన్ని తగ్గించేది దాని అణువుల సంఖ్యను బట్టి. పాలిమర్ అణువు ఒక్కొక్కటీ వేలాది స్టైరీన్ అణువుల గొలుసు కనుక బరువులో 2 శాతం ఉన్నా సంఖ్యలో లెక్కకు రాదు. పీడనం తగ్గుదల కొలత పొరపాటు కంటే తక్కువ. చెడగొట్టేది పాలిమర్ కాదు, అది పుట్టినప్పుడు వెలువడే వేడి. ఒక మోల్ స్టైరీన్ పాలిమర్‌గా మారితే సుమారు 70 కిలోజౌళ్లు వెలువడతాయి. ఆ వేడి బయటికి పోకపోతే ఒక శాతం మార్పుకే ద్రవం ఉష్ణోగ్రత దాదాపు 4 డిగ్రీలు పెరుగుతుంది. 100 డిగ్రీల దగ్గర 4 డిగ్రీలంటే పీడనంలో 14 శాతం. తొట్టిలోని థర్మామీటరు 100 అని చూపుతుంటే గాజు బుడగలోని ద్రవం 102 దగ్గర ఉండవచ్చు. నమూనాను తక్కువగా తీసుకోవడం, ఉష్ణోగ్రతను తొట్టిలో కాక ద్రవంలోనే చదవడం దీనికి మందు. అంటే ఈ అభ్యంతరం కూడా చివరికి ఉష్ణోగ్రత కొలత ప్రశ్నే అవుతుంది.

ఎక్కువ ఉష్ణోగ్రతలకు గతిక పద్ధతి మేలు. పీడనాన్ని ఒక విలువ దగ్గర నిలిపి, ద్రవాన్ని మరిగించి, మరిగే ఉష్ణోగ్రతను చదువుతారు. మరుగుతున్న ద్రవం తనలోని గాలిని తానే బయటికి నెట్టేస్తుంది కనుక గాలి తీసే శ్రమ చాలావరకు తప్పుతుంది. తక్కువ పీడనాలకు వాయు సంతృప్త పద్ధతి ఉంది: నైట్రోజన్‌ను నమూనా మీదుగా మెల్లగా పంపి, అది మోసుకెళ్లిన స్టైరీన్‌ను పట్టి, గ్యాస్ క్రోమటోగ్రఫీతో తూచి లెక్కిస్తారు. ఇక్కడ కొలిచేది మొత్తం పీడనం కాదు, స్టైరీన్ వాటా మాత్రమే. తేమ, గాలి లెక్కలో దూరలేవు. ప్రవాహ వేగం మారిస్తే ఫలితం మారకూడదు. మారిందంటే వాయువు పూర్తిగా సంతృప్తం కాలేదని అర్థం. ఈ పద్ధతిలో 10 నుంచి 30 శాతం దాకా తేడాలు రావచ్చని మార్గదర్శకమే ఒప్పుకుంటుంది. అయినా 20–40 డిగ్రీల మధ్య స్టైరీన్‌కు దీన్ని మొదటి సాక్షిగా తీసుకోవడమే నాకు సరైనదిగా తోస్తుంది: పెద్ద తప్పులను దాచని పద్ధతి, చిన్న తప్పులను తగ్గించే పద్ధతి కంటే నమ్మదగినది.

ఈ విలువలన్నీ పుస్తకాల్లో ఉన్నప్పుడు, అణు నిర్మాణం నుంచి బాష్పపీడనాన్ని అంచనా వేసే కంప్యూటర్ నమూనాలు కూడా ఉన్నప్పుడు మళ్లీ కొలవడం దేనికన్న ప్రశ్న రావచ్చు. శుద్ధ స్టైరీన్‌కైతే ఇది న్యాయమైన ప్రశ్నే. పుస్తకాల్లోని విలువలు ఒకదానినొకటి బలపరుస్తాయి కూడా. ఉదాహరణకు స్టైరీన్ జ్వలన స్థానం సుమారు 31 డిగ్రీలు. అక్కడ ఆవిరి గాలిలో 10/760, అంటే 1.3 శాతం. గాలిలో స్టైరీన్ మండడానికి కావలసిన కనీస పరిమాణం ఒక శాతం చుట్టూ ఉంటుంది. వేరే పరికరంతో, వేరే అవసరానికి చేసిన కొలత ఇంత దగ్గరగా రావడం పట్టిక మీద నమ్మకం పెంచుతుంది. కానీ కర్మాగారంలో ఉండేది పట్టికలోని శుద్ధ ద్రవం కాదు. నెలలు నిల్వ ఉన్న, తేమ చేరిన, ఆక్సీకరణ మొదలైన సరుకు అది. దాని పీడనం పుస్తకంలో దొరకదు. శుద్ధ పదార్థం విలువా, ట్యాంకులోని సరుకు విలువా రెండూ కావాలి. ఒకదాని స్థానంలో మరొకటి రాయకూడదు.

బహిరంగ ప్రదేశంలో సమతాస్థితి ఎప్పటికీ రాదు కాబట్టి బాష్పపీడనం చూసి మనిషి పీల్చే మోతాదు చెప్పలేమన్న వాదనలో నిజముంది. అది చెప్పేది పరిమితిని. 20 డిగ్రీల దగ్గర సంతృప్తమైన గాలిలో స్టైరీన్ 5/760, అంటే దాదాపు 6,600 పీపీఎం. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ ప్రాణానికి తక్షణ ముప్పుగా గుర్తించిన మోతాదు 700 పీపీఎం. భోపాల్‌లో వెలువడిన మిథైల్ ఐసోసైనేట్‌కు అదే ఉష్ణోగ్రతలో 348 మిల్లీమీటర్ల పీడనం ఉంటుంది కనుక దాని పక్కన స్టైరీన్ మెల్లగా ఆవిరయ్యే ద్రవంగానే కనిపిస్తుంది. అయినా మూసి ఉన్న గదిలో, చల్లని రోజున కూడా, దాని పరిమితి ప్రమాద రేఖకు తొమ్మిది రెట్లు. స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువన్న మాటను కూడా ఇదే లెక్కతో చదవాలి: ఆ పోలిక శుద్ధ ఆవిరికి, 20 డిగ్రీల దగ్గర సంతృప్తమైన గాలి మామూలు గాలికంటే 2 శాతం కూడా బరువెక్కదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలో ఎం6 అనే నిల్వ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. జాతీయ హరిత ట్రిబ్యునల్, రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీలు గుర్తించిన లోపాల్లో టీబీసీ చాలినంత లేకపోవడం, శీతలీకరణ వ్యవస్థ రోజంతా నడవకపోవడం, ట్యాంకు పైభాగంలో ఉష్ణోగ్రతను గమనించే ఏర్పాటు లేకపోవడం ఉన్నాయి. బాష్పపీడనాన్ని నిర్ణయించేది ద్రవం ఉపరితలపు ఉష్ణోగ్రత. వేడెక్కిన స్టైరీన్ తేలికై పైకి చేరుతుంది, చల్లనిది అడుగున ఉంటుంది. కలియబెట్టే ఏర్పాటు లేని ట్యాంకులో అడుగున కొలిచిన ఉష్ణోగ్రత నుంచి లెక్కించిన పీడనం పై పొరకు చెల్లదు. వేడి బయటికి పోని పొరలో ఒక్కో శాతం పాలిమరీకరణకు 4 డిగ్రీల చొప్పున లెక్కిస్తే, 30 డిగ్రీల నుంచి మరిగే స్థానం చేరడానికి ఆ పొరలో మూడో వంతు కంటే తక్కువ స్టైరీన్ పాలిమర్‌గా మారితే చాలు. ఆ దారిలో దాని బాష్పపీడనం 10 మిల్లీమీటర్ల లోపు నుంచి 760కి చేరుతుంది.