బహుమతి గెలిచిన బాలిక



విద్యార్థులకు బహుమతు లిచ్చు సభ యనిన మనకందఱికిని తెలిసినదే. పిల్లవాని పేరు పిలుతురు. వాడు వేదిక నెక్కును. క్రింద గూర్చున్న తల్లిదండ్రుల హృదయము పొంగును. ఆస్ట్రేలియాదేశమున నేడు అనేకములగు ఉన్నత పాఠశాలలలో ఆదిమవాసుల పిల్లల ప్రతిభను గౌరవించుటకు ఇట్టి సభలు జరుగుచున్నవి. అందొక విశేషము కలదు. ఆ నేలకు చెందిన ఆదిమవాసుల పెద్ద యొకరు మొదట లేచి, తమ పూర్వుల భూమికి సభవారిని స్వాగతించెదరు. కొన్నిచోట్ల నీలగిరి చెట్ల ఆకులతో పొగవేసి ఆవరణమును శుద్ధి చేయుదురు. చదువులో బహుమతి పొందిన పిల్లలే తమ పూర్వుల నృత్యము లాడుదురు. ఈ వేడుక వెనుక రెండువందల యేండ్ల చరిత్ర కలదు. దానిని క్లుప్తముగా మనవి చేసెదను.

1788 వ సంవత్సరమున ఇంగ్లీషువారు సిడ్నీ తీరమున దిగి వలసరాజ్యము స్థాపించిరి. నాటికి ఆ ఖండమున 250 కి మించిన భాషలు వ్యవహారమున నుండెను. వానికి లిపి లేదు. కాని నీటి జాడలు, నక్షత్రముల గతి, వంశక్రమము, ధర్మమర్యాదలు పాటల రూపమున పెద్దలనుండి పిల్లలకు ముఖస్థముగా వచ్చుచుండెను. గురుముఖమున వేదము వల్లించిన మన పూర్వుల సంప్రదాయ మెఱిగినవారు, వ్రాత లేనిచోట విద్య లేదని యనజాలరు. వచ్చినవారు మాత్రము అట్లే తలంచిరి.

1814 వ సంవత్సరమున గవర్నరు మాక్వారీ దొర పరమట్టా అను ఊరిలో ఆదిమవాసుల పిల్లలకొఱకు పాఠశాల నేర్పాటు చేసెను. కూడు, గుడ్డ, చదువు ఉచితములే; కాని నియమము కఠినము. చేరిన పిల్లను, బాలుడైన 16 ఏండ్లు, బాలికయైన 14 ఏండ్లు నిండువఱకు కన్నవారైనను తీసికొనిపోరాదు. తల్లిదండ్రులను మఱచుటయే ఆ చదువునకు చెల్లించు మూల్యమైనది.

1819 వ సంవత్సరమున జరిగిన పరీక్షలో పదునాలుగేండ్ల ఆదిమబాలిక యొకతె, సుమారు నూర్గురు తెల్లవారి పిల్లలను మించి మొదటి బహుమతి గెలిచెను. ఆమె యరముండి అను పెద్ద కుమార్తె మరియా యని చరిత్రకారులు తలంచుచున్నారు. బహుమతి గెలిచిన పిల్ల యేమైనదో విచారించుట బడిపంతులకు స్వభావము. నేనును విచారించితిని. మరియా 1824 లో రాబర్టు లాకు అను వడ్రంగిని వివాహమాడెను. 1831 లో, మరణించిన తన యన్న కోల్బీకి దొరతనమువా రిచ్చిన 30 ఎకరముల భూమి తనకు చెందవలెనని గవర్నరుకు అర్జీ పెట్టుకొనెను. పండ్రెండేండ్లకు, 1843 లో, ఆ భూమి ఆమెకు దక్కెను. తన వారిని మఱపించుటకై నేర్పిన చదువునే ఆమె తన వారి నేలను అడుగుటకు వినియోగించినది! ఆమె 1878 లో మరణించెను. ఆమె బిడ్డలు, మనుమలు అనుభవించుచుండిన ఆ భూమిని 1920 ప్రాంతమున ఆదిమవాసుల సంరక్షణ మండలియే తీసివేసెను.

ఆ సంతతివారికి బడిలోను చోటు నిలువలేదు. 1902 మొదలుకొని న్యూ సౌత్ వేల్సు రాష్ట్రమున, తెల్లవారి తల్లిదండ్రులు అభ్యంతరము చెప్పినచో ఆదిమవాసుల పిల్లలను సర్కారు బడినుండి వెడలగొట్టవచ్చుననిరి. 1915 చట్టముచే, న్యాయస్థానముతో పనిలేకుండ పిల్లలను తల్లి యొడినుండి కొనిపోవుటకు అధికారము కలిగెను. బడినుండి వెడలగొట్టు అధికారము 1972 వఱకు తొలగలేదు.

అయినను వారు ఊరకుండలేదు. 1938 జనవరి 26 వ తేదీని, ఇంగ్లీషువారు దిగి నూటయేబది సంవత్సరములు నిండిన నాడు, సిడ్నీలో సభ చేసి దానిని సంతాపదినముగా పాటించిరి. ఏటేట జరుగు ఆ దినము 1955 లో జులై మాసమునకు మాఱెను. నిరసనమే గాక తమ సంస్కృతిని కొనియాడుటయు కావలెనని వారి యుద్దేశము. అదియే క్రమముగా వారోత్సవమై నేడు పాఠశాలలలో జరుగుచున్నది. 2008 ఫిబ్రవరి 13 న, అపహరింపబడిన పిల్లల విషయమై ప్రధానమంత్రి పార్లమెంటున క్షమాపణము చెప్పెను. పరమట్టా పాఠశాల 1823 లో బ్లాక్‌టౌనునకు తరలింపబడి యుండెను. ఆ స్థలమును 2018 లో మరియా జాతివారగు ధారుగు ప్రజలకు తిరిగి యిచ్చిరి.

పెద్దలారా, 1819 నాటి సభలోను ఆదిమబాలికకు బహుమతి దక్కినది. నేటి సభలోను దక్కుచున్నది. తెలివి నాడును కొఱవడలేదు. కొఱవడినది గౌరవము. నాడు బాలికకు మాత్రమే బహుమతి; ఆమె తల్లికి, ఆమె భాషకు అచ్చట చోటు లేదు. నేడు పిల్లతోబాటు తాతయు, అవ్వయు, వారి మాటయు, పాటయు వేదిక నెక్కుచున్నవి. పిల్లను ఇంటికి పరాయిని చేయు చదువు ఎంత గొప్పదైనను కొఱతపడినదే. మన కొండలయందును, అడవులయందును గల బడులను గూర్చి యోచించునపుడు ఈ చరిత్రను స్మరింతురుగాక యని మనవి చేసి విరమించుచున్నాను.