ఒక్కతె అయితే అమహత్తు, పదుగురైతే మహత్తు

తిరుమలాయపాలెంలో మా అమ్మ మాటల్లో ఆవు "వచ్చింది", అక్కా "వచ్చింది". అన్న మాత్రం "వచ్చిండు". అక్కలు పదిమందైతే "వచ్చిన్రు", ఆవులెన్నైనా "వచ్చినయి". ఏకవచనంలో పశువు సరసన నిలిచిన స్త్రీ, బహువచనంలో పురుషుల పంక్తిలోకి వస్తున్నదన్నమాట!

1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఈ తీరును మహత్తు, అమహత్తు అనే విభాగంతో సూత్రీకరించారు. లింగవచనాల ఇటువంటి ముడి ప్రాచీన గ్రీకులోనూ ఉంది: నపుంసక నామం బహువచనమైనా క్రియ సాధారణంగా ఏకవచనమే.

మా ఊరి నుండి తూర్పుగా భద్రాచలం అడవులకు పోతే కోయభాష వినిపిస్తుంది. అందులో స్త్రీలు పదుగురైనా అమహత్తులే. ఇది స్త్రీని చిన్నచూపు చూసే భాష అని ఒకప్పుడు నేను తీర్పు చెప్పేశాను. తొందరపడ్డాను. ఆ కోయలే మేడారంలో సమ్మక్క, సారలమ్మలను వేల్పులుగా కొలుస్తారు, పూజారులూ వారే. జాతరనాడు "తల్లి గద్దెకు వచ్చింది" అని లక్షలమంది తెలుగులో చేతులు జోడిస్తారు. ఆ "వచ్చింది"లో తక్కువేమున్నది?

వ్యాకరణం పదాలను వర్గీకరిస్తుందే గాని మనుషులకు వెల కట్టదు. "అమ్మగారు వచ్చారు" అనడం మర్యాద; "అమ్మ వచ్చింది" అనడం చనువు. మీ ఇంట ఏమంటారు?