తెల్లబట్టకీ ఒక చరిత్ర ఉంది

ఎర్రబట్ట, తెల్లబట్ట. ఆడవాళ్ళ జబ్బులకి మన భాష పెట్టిన పేర్లు ఇవి. రెండింట్లోనూ శరీరం కనిపించదు, దాన్ని కప్పిన బట్టే కనిపిస్తుంది. నొప్పి ఎక్కడో, మంట ఎక్కడో చెప్పే మాట లేదు. మరక గురించి చెప్పే మాట ఉంది. ఉతికి ఎవరి కంటా పడని చోట ఆరేసుకుంటే ఆ మరకా ఉండదు, మాటా ఉండదు.

పల్నాడులో మాచర్ల పక్కనున్న వెల్దుర్తి మెట్ట ప్రాంతం. నాగార్జునసాగర్ ఎంతో దూరం లేకపోయినా కాలువ నీరు ఎక్కని భూములు ఎక్కువ. పత్తి తీతలు, మిరప కోతలు సాగే నెలల్లో ఆడవాళ్ళు చెమటకి తడిసిన బట్టలతోనే పొద్దుగూకేదాకా చేలో ఉంటారు. చాటు ఉండదు, కడుక్కోవడానికి నీళ్ళుండవు. దురద, మంట మొదలైతే 'వేడి చేసింది' అనుకుంటారు. మజ్జిగ, సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు తాగుతారు. ఒంట్లో సత్తువ కరిగిపోతోందని భయపడేవాళ్ళూ ఉన్నారు. ఈ మాటలు పల్నాడువి మాత్రమే కావు, తెలుగునాట ఎక్కడైనా వినిపిస్తాయి.

తెల్లబట్ట అంతా జబ్బు కాదు. నెలలో కొన్ని రోజులు ఆ ద్రవం రావడం శరీర ధర్మం. కానీ పెరుగు తరకల్లా వస్తూ, దురద, మంట ఉంటే తరచుగా దానికి కారణం కాండిడా అనే ఈస్ట్. తాటికల్లుని పులియబెట్టే ఈస్ట్‌కి ఇది బంధువే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నోటిలో, పేగుల్లో, యోనిలో కూడా ఉంటుంది. గర్భం, మధుమేహం, యాంటీబయాటిక్‌ల వాడకం వల్ల శరీరంలో సమతౌల్యం తప్పితే విజృంభిస్తుంది. ప్రతి నలుగురు స్త్రీలలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుందని వైద్యుల అంచనా. ఇంతమందికి వచ్చే జబ్బు 'చిన్న జబ్బు'గా ఎలా మిగిలిపోయింది?

మన పొరుగునే ఉన్న గడ్చిరోలిలో రాణీ బంగ్, ఆమె సహచరులు రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో 'లాన్సెట్' పత్రికలో ఫలితాలు ప్రకటించారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధమైన వ్యాధి ఉంది. అంతకుముందు పరీక్ష చేయించుకున్నవాళ్ళు నూటికి ఎనిమిది మందే. కుటుంబ నియంత్రణ పేరుతో స్త్రీల గర్భసంచుల లెక్కలు దశాబ్దాలుగా రాసుకుంటున్న వ్యవస్థకి ఈ అంకె అప్పటిదాకా తెలియలేదు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తెచ్చింది కూడా ఈ మౌనాన్ని బద్దలుకొట్టడానికే.

ఈ జబ్బుకి మందు ఎలా వచ్చిందన్న కథ మన సైన్సు పాఠాల్లో లేదు. పెన్సిలిన్ కథ అందరికీ తెలుసు. కానీ పెన్సిలిన్, ఆ తర్వాతి యాంటీబయాటిక్‌లు బాక్టీరియాని చంపేసరికి ఖాళీ అయిన చోటులో కాండిడా పెచ్చుమీరింది. దానికి మందు లేదు. శిలీంధ్ర కణం బాక్టీరియా కణంకన్నా మన కణానికే దగ్గర. దాన్ని చంపే విషం మనల్నీ చంపుతుంది. చిక్కంతా అక్కడే.

1948లో న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖ ప్రయోగశాలల్లో ఇద్దరు స్త్రీలు ఈ చిక్కు విప్పడానికి పూనుకున్నారు. ఎలిజబెత్ హేజెన్ చిన్నప్పుడే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని బంధువుల ఇంట పెరిగింది. అప్పటికే అరవై దాటిన సూక్ష్మజీవ శాస్త్రవేత్త. రసాయన శాస్త్రవేత్త రేచెల్ బ్రౌన్ తండ్రి కుటుంబాన్ని వదిలి వెళ్ళిపోయాడు. చదువుకి డబ్బిచ్చింది ఆ కుటుంబానికి తెలిసిన ఒక స్త్రీ. థీసిస్ ఇచ్చాక డాక్టరేట్ చేతికి రావడానికి ఆమెకి ఏడేళ్ళు పట్టింది.

హేజెన్ న్యూయార్క్ నగరంలో, బ్రౌన్ ఆల్బనీలో. మధ్య దూరం దాదాపు 240 కిలోమీటర్లు. హేజెన్ మట్టి నమూనాల్లోని సూక్ష్మజీవుల్ని పెంచి, శిలీంధ్రాల్ని చంపేవాటిని గాజు జాడీల్లో పోస్టు చేసేది. బ్రౌన్ వాటిలోంచి మందు పదార్థాన్ని వేరుచేసి తిరుగు టపాలో పంపేది. చాలా పదార్థాలు ప్రయోగశాల జంతువుల్ని కూడా చంపేశాయి. చివరికి వర్జీనియాలో హేజెన్ స్నేహితులైన నోర్స్ కుటుంబం పొలంలోంచి తెచ్చిన మట్టిలో పనికొచ్చే జీవి దొరికింది. ఫలితాన్ని 1950లో ప్రకటించారు. న్యూయార్క్ స్టేట్ పేరు కలిసేలా మందుకి నిస్టాటిన్ అని పేరుపెట్టారు. శిలీంధ్ర కణపు పొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు ఉంటుంది. మన కణాల్లో దాని స్థానంలో కొలెస్టరాల్. ఎర్గోస్టెరాల్‌ని పట్టుకుని పొరకి చిల్లులు పొడవడమే నిస్టాటిన్ చేసే పని.

1954లో మందు మార్కెట్‌లోకి వచ్చింది. 1957లో పేటెంటు వచ్చింది. దానిమీద వచ్చిన కోటీ ముప్ఫై లక్షల డాలర్లలో వాళ్ళిద్దరూ ఒక్క డాలరు సొంతానికి తీసుకోలేదు. అంతా పరిశోధనకే ఇచ్చేశారు. ఈ త్యాగాన్ని పొగిడి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. త్యాగం చేస్తే దేవతల్ని చేస్తాం, చేసిన పనిని మాత్రం పాఠంలో చేర్చం. వాళ్ళు వదిలిపెట్టింది డబ్బొక్కటే కాదు, పరిశోధన చేసే ఒక పద్ధతి కూడా. ఒకరి పనిని ఒకరు నమ్మి, దూరం నుంచి ఓపిగ్గా చేసిన పని అది.

ఆ తర్వాత పని కణంలోపలికి వెళ్ళింది. రొట్టెల ఈస్ట్ జన్యుపటం మొత్తం 1996లో పూర్తయింది. దాదాపు ఆరువేల జన్యువులు. ఒక్కో జన్యువునీ తీసేసి చూసే పద్ధతులు అక్కడ నేర్చుకుని, జబ్బు చేసే ఈస్ట్‌ల మీద ప్రయోగించారు. హైదరాబాద్ సి.డి.ఎఫ్.డి.లో రూపిందర్ కౌర్ బృందం అధ్యయనం చేస్తున్న కాండిడా గ్లాబ్రేటా పేరుకి కాండిడా అయినా, వంశంలో రొట్టెల ఈస్ట్‌కే దగ్గర. యోనిలో వచ్చే కాండిడా జబ్బుల్లో ఆల్బికన్స్ తర్వాత తరచుగా కనిపించేది ఇదే. మనల్ని కాపాడాల్సిన మాక్రోఫేజ్ కణాలు మింగినా చావదు, వాటిలోపలే పెరుగుతుంది. కణం ఉపరితలం మీద ఉండే ప్రోటీన్లను కోసే ఎంజైములు ఇందుకు అవసరమని కౌర్ మొదటి రచయితగా 2007లో వచ్చిన పత్రం చూపించింది. వాడుకలో ఉన్న ఫ్లూకొనజోల్‌కి ఇది అంత తేలిగ్గా లొంగదు.

వెల్దుర్తికి ఈ సంగతితోనే పని. 2000లలో ప్రభుత్వం తెల్లబట్టకి ఆకుపచ్చ రంగు కిట్ రూపొందించింది. అందులో సెక్నిడజోల్, ఫ్లూకొనజోల్ మాత్రలుంటాయి. పరీక్ష లేకుండా లక్షణం చూసి ఇచ్చే మందు. పరీక్షకి వీల్లేని చోట ఇది మేలే. కానీ మళ్ళీ మళ్ళీ వచ్చే స్త్రీకి మళ్ళీ మళ్ళీ అదే మాత్ర ఇస్తే, లొంగని ఈస్ట్‌ని మనమే ఏరి పెంచినట్టు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకర శిలీంధ్రాల జాబితా మొదటిసారి ప్రకటించినప్పుడు ఆల్బికన్స్, గ్లాబ్రేటా రెండూ అందులో ఉన్నాయి. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చి మగవాళ్ళ కళ్ళు కూడా పోయాకగానీ, శిలీంధ్రాల మందుల కొరత మన పత్రికల మొదటి పేజీకి ఎక్కలేదు.

కాండిడాని గుర్తించడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. గాజుపలక మీద నమూనా, ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్, మైక్రోస్కోపు చాలు. మలేరియాకి, టి.బి.కి వాడే మైక్రోస్కోపే. లేనిది తలుపున్న గది, కూర్చోబెట్టి అడిగే మనిషి, కూలి పోకుండా దొరికే ఒక పూట. అవి వెల్దుర్తికి రావాలంటే ముందు ఈ జబ్బు బట్ట పేరుతో కాక శరీరం పేరుతో గట్టిగా పలకబడాలి.