హోసూరు, కృష్ణగిరి సీమలు: రాష్ట్ర విభజనలో తెరచాటు మంత్రాంగ వాదము

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు సేలం జిల్లాలోని హోసూరు, కృష్ణగిరి ప్రాంతములు మదరాసు రాష్ట్రముననే నిలిచిపోయినవి. కేంద్రప్రభుత్వ నిర్ణయముల వెనుక రాజాజీ మంత్రాంగ మున్నదను అనుమానము, మదరాసు నగర విషయమున, నాటి ఆంధ్రులలో బలముగా నుండెను. దానిని హోసూరు సీమకు అన్వయించుట సులభము. ఏలనన రాజాజీ 1878లో హోసూరు చెంతనున్న తొరపల్లిలోనే జన్మించెను.

అనుమానమునకు హేతువులు లేకపోలేదు. రాజాజీ 1948 మొదలు 1950 వరకు గవర్నరు జనరలు. పిదప కేంద్ర హోంమంత్రి. 1952 మొదలు 1954 వరకు మదరాసు ముఖ్యమంత్రి. నెహ్రూ ఆయనతో సంప్రదించుచుండెననుట నిర్వివాదము. కాని సంప్రదింపు వేరు, వశీకరణము వేరు. భాషారాష్ట్రముల యెడ నెహ్రూ స్వయముగనే విముఖుడు. 1949 నాటి జవహర్, వల్లభ్, పట్టాభి సంఘ నివేదికయే అందుకు సాక్ష్యము. అందు సంతకము చేసిన పట్టాభి సీతారామయ్య తెలుగువాడే గదా! పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ మొనర్చిన నాలుగు దినములకే, 1952 డిసెంబరు 19న, నెహ్రూ ఆంధ్రరాష్ట్రమును ప్రకటించెను. ప్రజాందోళన మంత్రాంగముకంటె బలవత్తరమని దీనివలన తేలుచున్నది.

హోసూరు సీమ దక్కకపోవుటకు ప్రధాన కారణము కొలబద్దయే. నూతన రాష్ట్రమునకు పదునొకండు జిల్లాలును, బళ్లారి జిల్లాలోని ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలును చేరినవి. సేలం జిల్లా ఆ లెక్కలోనికి రాలేదు. తరువాత పటాస్కరు గ్రామమును ప్రమాణముగా గైకొని, భాషాధిక్యమును, భూభాగముల కలయికను పాటించెను. 1960 ఏప్రిలు 1న తిరుత్తణి మదరాసునకు పోగా, చెంగల్పట్టు, సేలం జిల్లాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశమున చేరినవి. తెలుగు, కన్నడము, తమిళము కలగలిసిన హోసూరు సీమకు ఏ ఒక్కభాషా గీతయు చక్కగ నమరలేదు.

కనుక రాజాజీ పలుకుబడి బహిరంగమైనదే. ఈ ఫలితమును వివరించుటకు రహస్యకుట్ర ఆవశ్యకము కాదు. కుట్రవాద మొక నష్టమును గూడ తెచ్చును; చేతనున్న హక్కులనుండి దృష్టిని మరల్చును. 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పింపవలెనని రాష్ట్రములను నిర్దేశించుచున్నది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిమ్మట హోసూరు తెలుగువారి కసలు సమస్య బడియే గాని పొలిమేర కాదు.